పడమటి గోడ

గవర్నరుపేటలో నాగూర్ మీరా కొట్టు.
సీసీ కెమెరాల అట్టపెట్టెల మధ్య స్టూలు లాగి
"పేరు చెప్పండి మేడమ్" అన్నాడు.
పేరంటే నాది కాదు, నా పనిది.
ఇళ్ళ వేడి కొలిచి, కరెంటు ఖర్చు లెక్కగట్టి
ఇన్ని నక్షత్రాలని కాగితం రాసిచ్చే పనిది.

"నమ్మకం" అని కొట్టి చూశాం.
ఎవడో కొనేసి ఖాళీగా ఉంచాడు,
తాడేపల్లి అవతల కంచె వేసి వదిలేసిన ప్లాటులా.
రేటు అడిగితే అదీ ప్లాటు రేటే.
"నిజం" పోయింది. "తూకం" పోయింది.
"చల్లనిల్లు" మిగిలింది,
చివర ఇన్ తగిలిస్తే ఏడాదికి ఏడొందలు.
"కామ్ అయితే గొప్పగా ఉంటుంది" అన్నాడు మీరా.
బెజవాడ దాటి నేనెక్కడికి పోతాను, ఇన్ చాలన్నాను.
"ఇక నాదేనా?"
"మీదే. కాకపోతే ఏటేటా కట్టాలి.
మర్చిపోతే ఇంకొకళ్ళది."
ఇరవై రెండేళ్ళుగా అద్దెకున్నదాన్ని,
నాకిది కొత్తేమీ కాదు.

ఇక ఉత్తరాలు ఎవరింట్లో ఉంచాలి?
ఊరికే ఇచ్చేవాడు మన ఉత్తరాలు చదివి
మనకే ఫ్యాన్లు అమ్ముతాడట.
నెలకు నూట ముప్పై పుచ్చుకునేవాడు చదవడట.
చదవడని ఎవరు చూశారు?
వాడి పేరు కిందా ఐదు నక్షత్రాలున్నాయి.
అవి చూడగానే నాకు
గుణదల గుర్తొచ్చింది.

ఫణిభూషణం గారి మూడంతస్తుల ఇల్లు.
నిరుడు మాఘమాసంలో వెళ్ళాను.
ప్లాను కాగితం మీద గోడ తొమ్మిదంగుళాలు,
కప్పు మీద తెల్ల పెంకు,
కిటికీలకు రెండు పొరల అద్దం.
కింద హాల్లో కూర్చుని కాఫీ తాగి
కాగితంలో ఉన్నదంతా కంప్యూటర్లో పోశాను.
అది నాలుగు నక్షత్రాలు కక్కింది.
నెల తిరక్కుండా ఇంకొకతను వచ్చి
అదే ఇంటికి రెండే ఇచ్చాడు.
ఫణిభూషణం గారు నాదానికి ఫ్రేము కట్టించారు.
అద్దె పద్దెనిమిది వందలు పెంచారు.

మొన్న రోహిణి కార్తెలో
జాకెట్టు కుట్టించుకోడానికి
తొలిసారి ఆ ఇంటి మూడో అంతస్తు ఎక్కాను.
మేరీ సుగుణ మిషనుని గది నడిమధ్యకి లాక్కుంది.
"గోడ పక్కనైతే బాబిన్ కేసు పట్టుకోలేనమ్మా."
పడమటి గోడకి చెయ్యి ఆనించాను.
నాలుగున్నర అంగుళాల ఇటుక, అవతలంతా పొయ్యి.
కప్పు మీద తెల్ల పెంకు లేదు,
ఆమె పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి,
ఒక్క పూటకే పెళపెళలాడుతూ.
సంచిలో థర్మామీటరు లేదు. అవసరమూ రాలేదు.
కరెంటు బిల్లు నా చేతిలో పెట్టి
"నాలుగు నక్షత్రాల ఇల్లట, కింద వేలాడదీశారు,
మాకే ఎందుకింత?" అంది.
ఆ సంతకం నాదని చెప్పలేదు.
నా కొలత తీసుకుంటూ
టేపు రెండుసార్లు చుట్టి చూసింది.
"ఒక్కసారికే నమ్మనమ్మా, గుడ్డ పాడవుద్ది."

అందుకే ఈ పేరు, ఈ చిరునామా.
చల్లనిల్లు నుంచి మొదటి ఉత్తరం:
ఫణిభూషణం గారూ, నేనిచ్చిన నాలుగూ వెనక్కి తీసుకుంటున్నాను.
చూడకుండా రాశాను.
మళ్ళీ వచ్చి కొలుస్తాను, డబ్బులొద్దు.

మూడు రోజులు జవాబు లేదు.
మీరా నవ్వాడు. "చెత్తబుట్టలో పడుంటుంది మేడమ్.
కొత్త పేరు కదా, ఇంకా పరువు రాలేదు.
నాలుగు నెలలు నెమ్మదిగా పంపుతూ ఉండండి,
వాళ్ళే లోపలికి రానిస్తారు."
అంటే నాకూ ఎవరో ఎక్కడో కూర్చుని
నక్షత్రాలు వేస్తున్నారన్నమాట,
నా గడప తొక్కకుండానే.
కోపం రావాల్సింది. రాలేదు.

ఉత్తరం కాగితం మీద అచ్చు తీయించి
గుణదల ఆటో ఎక్కాను.
మధ్యాహ్నం మూడు. కావాలనే మూడు.
ఫణిభూషణం గారు పడుకున్నారన్నారు.
సరే, లేచేలోపు పైన మొదలుపెడతాను.
మెట్లు ముప్పై ఎనిమిది.
పైనుంచి మిషను చప్పుడు,
ఆగి, మళ్ళీ మొదలై.